స్లైడ్ చెప్పేది వేరు, యాంటీబాడీ చెప్పేది వేరు

వానలు మొదలైతే సీతమ్మధారలో మా ల్యాబ్‌కి జ్వరాల వాళ్ళు క్యూ కడతారు. అందులో ఎవరో ఒకరు "మేడమ్, స్లైడ్ అంటే లేటవుద్ది, మలేరియా యాంటీబాడీ టెస్ట్ చేసేయండి" అంటారు. కోవిడ్ పుణ్యమా అని యాంటీబాడీ అన్న మాట అందరి నోళ్ళలో నానుతోంది మరి. నేను ఒప్పుకోను. ముందు వేలు గుచ్చి రక్తపు చుక్క స్లైడ్ మీద పెట్టాల్సిందే.

పరాన్నజీవి ఇప్పుడు రక్తంలో ఉందా లేదా అన్నది స్లైడ్‌లో కనిపిస్తుంది. నిమిషాల్లో ఫలితం చెప్పే కార్డు టెస్ట్ కూడా ఆ పురుగు నుంచి వచ్చే ప్రోటీన్‌నే పట్టుకుంటుంది. (ఫాల్సిపారం అనే మలేరియా రకాన్ని పట్టే కార్డు అయితే మందులు వాడి తగ్గాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపిస్తుంది. అదో తలనొప్పి.) యాంటీబాడీ మన ఒంట్లో తయారయ్యే సరుకు. జ్వరం మొదలైన తొలి రోజుల్లో ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. పుట్టిందంటే మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్ళు ఉండిపోతుంది. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేసినా గోడకి మేకులు మిగిలినట్టు. ఎప్పుడో మలేరియా వచ్చిపోయిన మనిషి ఇవాళ డెంగీతో వచ్చాడనుకోండి, యాంటీబాడీ టెస్ట్ చూసి మలేరియా మందులు ఇస్తే అతని గతేం కాను?

మా అబ్బాయి చిన్నప్పుడు నేను పాడేరు వైపు పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. సాయంత్రానికి ట్రేల నిండా స్లైడ్లు. స్లైడ్‌కి వేసే జేఎస్‌బీ స్టెయిన్ అనే రంగు గోళ్ళలోకి దిగి, ఎంత తోమినా నీలంగానే ఉండేది, ఆ చేత్తోనే అన్నం కలిపేదాన్ని. లెన్స్ కింద ఆయిల్ చుక్క వేసి చూస్తే ఎర్రకణాల్లో సన్నటి ఉంగరాలు. ఫాల్సిపారం అయితే కొన్నిసార్లు నెలవంకల్లాంటివీ కనిపించేవి. మా వాడికీ అక్కడే వణుకుడు జ్వరం వచ్చింది.

వాడిప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్నాడు. రక్తదానానికి వెళ్తే, మలేరియా ఉన్న ప్రాంతంలో పెరిగావు కాబట్టి అని యాంటీబాడీ టెస్ట్ చేశారట. వెంటనే ఫోన్. "అమ్మా, మలేరియా పాజిటివ్ అంటున్నారు. జ్వరం లేదు, ఏమీ లేదు, ఏటిది?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "ఒరేయ్, ఒకప్పుడు వచ్చిందని దానర్థం, ఇప్పుడు ఉందని కాదు. కావాలంటే రక్తంలో పురుగు ఉందేమో వేరే టెస్ట్ చేయించుకో" అన్నాను. వాళ్ళ జాగ్రత్తా సబబే. కొద్దిపాటి పరాన్నజీవులున్నా స్లైడ్‌కి దొరక్కపోవచ్చు, రక్తం ఎక్కించుకున్న రోగికి మాత్రం మలేరియా వస్తుంది. మన దగ్గర బ్లడ్ బ్యాంకుల్లో తప్పనిసరిగా చేసే అయిదు పరీక్షల్లో మలేరియా కూడా ఒకటి. కానీ యాంటీబాడీ ఉన్నవాళ్ళందరినీ వద్దంటే ఏజెన్సీలో దాతలు ఎంతమంది మిగులుతారు?

యాంటీబాడీ టెస్ట్‌కి అసలు విలువ ఒక మనిషి జ్వరం దగ్గర కాదు, ఊరి దగ్గర. ఊళ్ళో వయసుల వారీగా రక్తం తీసి చూస్తే, పెద్దవాళ్ళలో పాజిటివ్‌లు ఎక్కువుండి అయిదేళ్ళలోపు పిల్లల్లో దాదాపు ఎవరికీ లేకపోతే, ఆ పిల్లలు పుట్టాక అక్కడ మలేరియా బాగా తగ్గిపోయిందన్నమాట. పసిపిల్లల్లోనూ కనిపిస్తే దోమ ఇంకా పని చేస్తోందని. జ్వరాల లెక్క ఆశా కార్యకర్త దగ్గరికి వచ్చినవాళ్ళదే. కొండ మీద గూడెంలో జ్వరం వచ్చి దానంతటది తగ్గిపోయినవాడి పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు, వాడి రక్తంలో ఉంటుంది.

మలేరియాలో ఇంకో రకం వైవాక్స్, దాని సంగతి ఇంకా ఆసక్తికరం. అది కాలేయంలో నిద్రపోతూ నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. ఆ నిద్రపోయేదాన్ని ఏ రక్తపరీక్షా నేరుగా చూపించలేదు. థాయ్‌లాండ్, బ్రెజిల్, సోలమన్ దీవుల్లో జనాన్ని ఏడాదిపాటు గమనించి 2020లో వెలువరించిన పరిశోధనలో, ఎనిమిది యాంటీబాడీలు కలిపి చూస్తే గడిచిన తొమ్మిది నెలల్లో వైవాక్స్ సోకినవాళ్ళని 80 శాతం దాకా గుర్తుపట్టవచ్చని తేలింది. అంటే కాలేయంలో పురుగు దాక్కుని ఉండే అవకాశం ఎవరికి ఎక్కువో తెలుస్తుంది. ఊరందరికీ కాకుండా వాళ్ళకే కాలేయంలో దాక్కున్నదాన్ని చంపే ప్రైమాక్విన్ మందు ఇవ్వొచ్చు. అదీ ఎర్రకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం లేదని చూసుకున్నాకే, లేదంటే ఎర్రకణాలు పగిలిపోతాయి. 14 రోజుల కోర్సు పూర్తిగా మింగించడం మరో యుద్ధం. మూడో రోజు జ్వరం తగ్గగానే మాత్రలు చూరులో దోపేసేవాళ్ళని పాడేరులో ఎంతమందిని చూశానో.