ఊదా ముద్ర కారింది, బంక ఊడలేదు: 20 హెల్లర్ నోటుతో మూడో కుస్తీ

అట్టకి అతుక్కున్న ఈ పాత నోటుని ఊడదీయబోయి మూడోసారీ దెబ్బతిన్నాను. ఈసారి ఏకంగా దాని మీది ముద్రే పోయింది.

నోటు ఎగువ ఆస్ట్రియాలోని ఓ పల్లెది, 1920 నాటిది; హెల్లర్ అంటే అప్పటి ఆస్ట్రియా పైసా. యుద్ధం తర్వాత చిల్లర నాణేలు దొరక్క ఊళ్లే సొంతంగా నోట్లు అచ్చేసుకున్న కాలం. ఎవరో పాత కలెక్టర్ దీన్ని నాలుగు మూలలా బంక పూసి ఆల్బమ్ అట్టకి అతికించాడు. ఆ మహానుభావుడికి హింజ్ (పాడవకుండా అతికించి, మళ్లీ తీసేయగలిగే చిన్న కాగితపు పట్టీ) అనేదొకటి ఉందని తెలియదు కాబోలు!

మొదటిసారి, బంక మెత్తబడాలని, తేమ డబ్బాలో 80 శాతం తేమ దగ్గర నాలుగు గంటలు ఉంచాను. పై మూలలు రెండూ ఊడొచ్చాయి. రెండోసారి 88 శాతం, ఎనిమిది గంటలు. కింద ఎడమ మూల వచ్చింది, కుడిది 6 మిల్లీమీటర్లు లేచి ఆగిపోయింది. నిన్న ఓపిక నశించి, ఆ మూల కింద 12 మిల్లీమీటర్ల బ్లాటింగ్ ముక్క తడిపి పెట్టి, పైన గాజు పలక ఉంచి ఇరవై నిమిషాలు వదిలేశాను. తీసి చూస్తే ప్రాణం ఉసూరుమంది. తడి కాగితంలో పాకి, 15 మిల్లీమీటర్ల అవతలున్న ఊదా రంగు ముద్రను అందుకుంది. అంచున 9 మిల్లీమీటర్ల మేర ఊదా మరక. బంక మాత్రం చెక్కుచెదరలేదు.

ముద్రకి వాడింది అనిలిన్ రంగు అయ్యుంటుంది, నీళ్లు తగిలితే అది ఆగదు. అచ్చు సిరా నూనెది కాబట్టి బతికింది. ఒక మూలన చుక్క నీరు పెట్టి చూసుకోవాల్సింది, బద్ధకించాను. ఇక బంక సంగతి: మిగతా మూడు మూలల్లో తెల్లగా, పొడిపొడిగా ఉంది, పిండి జిగురేమో. ఈ మూలలో గోధుమ రంగులో గాజులా మెరుస్తోంది. ఊడిన మూలని ఎవరో తర్వాత వేరే బంకతో మళ్లీ అతికించారని నా అనుమానం. కెటిల్ ఆవిరి పట్టమని సలహా ఇచ్చేవాళ్లకి ఒక దండం. ఈ కాగితం మందం 0.09 మిల్లీమీటర్లే, అప్పడంలా ముడుచుకుపోతుంది.

మిగతా సేకరణలో మాత్రం శుభవార్తలే: జర్మన్ ఊరు హామెలిన్ తన ఎలుకల కథ బొమ్మలతో వేసిన నోట్ల సెట్ పూర్తయింది. మరో జర్మన్ ఊరు బీలెఫెల్డ్ పట్టు గుడ్డ మీద అచ్చేసిన నోటు కూడా చేరింది.

నోట్లు దాచే కవర్ల విషయంలో నా మాట మారదు: మెత్తటి పీవీసీ వద్దే వద్దు, ఏళ్లు గడిచేకొద్దీ జిడ్డు దిగుతుంది. లైట్‌హౌస్ కంపెనీ ఆల్బమ్ పేజీలు ఖరీదైనవే, అయినా నా ఓటు వాటికే. 1921, 22లలో జర్మన్ ఊళ్లు కలెక్టర్ల కోసమే అచ్చేసిన రంగుల సెట్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ, నాకు నలిగి మాసిన చిల్లర నోట్లే ఇష్టం.

ఆదివారం ఆ మూలని తడి లేకుండా, అట్టనే వెనక నుంచి బ్లేడుతో పొరపొరగా పలుచన చేస్తాను. ముందు ఓ పనికిరాని నోటు మీద చెయ్యి కుదుర్చుకోవాలి. ఆ తర్వాత జర్మనీలో ధరలు ఆకాశానికంటిన 1923 నాటి లక్షలు, కోట్ల మార్కుల నోట్లు సర్దాలి. సగం ఒకవైపే అచ్చేసినవి. రెండో ప్రపంచ యుద్ధంలో మన సంస్థానాలు చిల్లర బదులు ఇచ్చిన అట్ట కూపన్ల మీదా కన్నుంది. బికనీర్‌ది ఒకటి దొరికితే చాలు, కనీసం అది ముడుచుకుపోదు.