పెర్క్ పాయింట్ వచ్చిందని వెంటనే ఖర్చు పెట్టెయ్యకండి

స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఒక పెర్క్ పాయింట్ చేతికొస్తుంది. దాంతో ఏదో ఒక స్కిల్‌లో పెర్క్, అంటే ఒక అదనపు బలం తీసుకోవచ్చు. ఆ పాయింట్‌ని అప్పటికప్పుడు ఎక్కడో ఒకచోట పెట్టెయ్యాలన్న రూలేమీ లేదు. దాచుకుంటే ఎక్కడికీ పోదు. పది పాయింట్లు పోగేసుకుని తిరిగినా ఆట ఏమీ అనదు. ఈ సంగతి చాలామందికి తెలుసు, అయినా ఆగరు. ఒక్కో స్కిల్‌కీ ఒకటి చొప్పున పెర్కులు చూపించే ఆ నక్షత్రాల చెట్లు తెర మీద మెరుస్తుంటే ఏదో ఒకటి వెలిగించెయ్యాలనిపిస్తుంది.

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఆదివారాలు ఎంవీపీ కాలనీలో బస్సెక్కి, ల్యాప్‌టాప్ సంచీ భుజానేసుకుని గాజువాక మా ఇంటికి వచ్చేస్తాడు. మొన్నొచ్చినప్పుడు తెర నా వైపు తిప్పి, "ఏటి మావయ్యా ఇది? మొదట్లో డ్రాగర్లని ఒక్క దెబ్బకి పడేసేవాణ్ణి. 22వ లెవెలొచ్చాక ఆళ్లే నన్ను కొట్టేస్తన్నారు" అన్నాడు. డ్రాగర్లంటే ఈ ఆటలో సమాధుల్లోంచి లేచొచ్చే శవాలు. స్కిల్ మెనూ తెరవమన్నాను. కత్తిలో కొన్ని, నిప్పుల మంత్రాల్లో కొన్ని, కమ్మరంలో కొన్ని, తాళాల్లో కొన్ని, బేరమాడే స్పీచ్‌లో కూడా కొన్ని. 18 స్కిల్సుంటే దాదాపు సగం చెట్లలో దీపాలు వెలుగుతున్నాయి.

ఇలా ఎందుకవుతుందో అర్థం కావాలంటే లెక్క కొంచెం చూడాలి. 2011లో ఈ ఆట వచ్చినప్పటి నుంచీ లెక్క ఇదే. ప్రతి స్కిల్ 15 దగ్గర మొదలవుతుంది, మనం ఎంచుకున్న జాతిని బట్టి కొన్నిటికి 5, ఒకదానికి 10 కలుస్తాయి. ఒక స్కిల్ ఏ అంకెకి చేరితే అన్ని పాయింట్లు మన లెవెల్ ఖాతాలో పడతాయి. స్పీచ్ 15 నుంచి 20కి వెళ్లిందనుకోండి, 16, 17, 18, 19, 20 కలిపి 90. మొదటి లెవెల్ నుంచి రెండోదానికి కావల్సింది 100. ఆ తర్వాత ప్రతి లెవెల్‌కీ 25 చొప్పున పెరుగుతుంది. ఆ పాయింట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఈ లెక్క అడగదు. బాకులు చేసి అమ్మినా లెవెలే, డ్రాగన్‌ని బాణాలతో కూల్చినా లెవెలే.

ఎదురొచ్చేవాళ్లు చూసేది మాత్రం ఆ ఒక్క అంకెనే. మన లెవెల్ పెరిగేకొద్దీ మామూలు డ్రాగర్ల చోట వాళ్లకన్నా గట్టి రకాలు, వైట్‌లు, స్కర్జ్‌లు, ఆ పైన డెత్‌లార్డ్‌లు దిగుతారు. కాబట్టి తాళాలు తీసీ వర్తకులతో బేరాలాడీ 22కి చేరినవాడికి, పొద్దస్తమానం కత్తి తిప్పి 22కి చేరినవాడికి వచ్చే శత్రువులే వస్తారు. మావాడికి జరిగింది అదే. వాడి ఆట బాగోలేదని కాదు, వాడి బలం తొమ్మిది చోట్లకి చెదిరిపోయింది.

ఈ వరసలో ఇంతకుముందు ఆట, 2006లో వచ్చిన ఆబ్లివియన్‌లో ఈ చిక్కు ఇంకా గట్టిగా ఉండేది. మొదట్లోనే 21 స్కిల్స్‌లో 7 ముఖ్యమైనవి ఎంచుకోవాలి. అవి కలిపి 10 సార్లు పెరిగాక నిద్రపోతేనే లెవెల్. దాంతో కొందరు ఎక్కువ వాడే స్కిల్స్‌ని కావాలనే ఆ ఏడింటిలో పెట్టుకునేవారు కాదు. మనిషి ఇష్టపడేదాన్నే పక్కన పెట్టమనే లెక్క నాకు ఎప్పుడూ నచ్చలేదు. స్కైరిమ్‌లో ముందుగా ఏదీ ఎంచుకోనక్కర్లేదు. ఏం చేస్తే అదే పెరుగుతుంది. నేను ఈ ఆటని ఇంతగా ప్రేమించడానికి పెద్ద కారణం ఇదే. ఆ స్వేచ్ఛని మొదటి గంటలోనే పాయింట్లు విసిరేసి పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నేను చెప్పేది ఇంతే. మొదటి నాలుగైదు లెవెల్స్ పెర్కులు ముట్టుకోకండి. బ్లీక్ ఫాల్స్ బారో లాంటి పాత సమాధి గుహ ఒకటి పూర్తిగా తిరిగి రండి. అప్పుడు స్కిల్ మెనూ తెరిచి, మీ ప్రమేయం లేకుండా ఏది పెరిగిందో చూడండి. ఎవరో ముందే రాసిపెట్టిన పెర్కుల ప్లాన్ (బిల్డ్) కన్నా ఆ అంకె బాగా చెబుతుంది. ప్రమాదం వచ్చినప్పుడు ఆలోచించే టైముండదు, అలవాటైన దాని మీదకే చెయ్యి పోతుంది. కొందరు డాలు పైకెత్తుతారు. నేనైతే వెనక్కి జరిగి విల్లు తీస్తాను.

ఆ తర్వాత ఒకదానికొకటి పనికొచ్చే రెండు మూడు స్కిల్స్ చూసుకోవాలి. నావి ఆర్చరీ (విల్లు), స్నీక్ (చాటుగా నక్కడం), ఆల్కెమీ (మూలికలతో మందులూ విషాలూ చెయ్యడం). వంగి నక్కి, వాళ్లు చూడకముందే బాణం వేస్తే దెబ్బ రెండింతలు. స్నీక్ 40కి చేరాక డెడ్లీ ఎయిమ్ పెర్క్ తీసుకుంటే మూడింతలు. ఇక ఆ బాణానికి విషం పూస్తే!

ఆల్కెమీ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోవద్దు. నేను పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పని చేస్తాను. రోజంతా శాంపిల్ తూయడం, కరిగించడం, వచ్చిన రీడింగ్ రిజిస్టర్లో ఎక్కించడం. బి షిఫ్ట్ అయ్యాక రాత్రి కంపెనీ బస్సు దిగి, అన్నం తిని ఈ ఆట తెరిస్తే, అక్కడ కూడా రోలు ముందే కూర్చుంటాను. మా ఆవిడ అడుగుతుంది, విసుగు రాదా అని. రాదు. ఆటలో ప్రతి మూలికకీ నాలుగు గుణాలుంటాయి. నోట్లో వేసుకుని నమిలితే మొదటిది ఒక్కటే తెలుస్తుంది. మిగతా మూడూ తెలియాలంటే వేరేదానితో కలిపి చూడాలి. రెండింటికీ ఉమ్మడి గుణం ఉంటేనే మందు తయారవుతుంది, అప్పుడు ఆ గుణం రెండింటి పేర్ల కిందా రాసుకుంటుంది. మేం ల్యాబ్‌లో చేసేదీ అదే ఓపికతో చేసే పని.

దారి పక్కన ఎక్కడ పడితే అక్కడ దొరికే నీలం కొండపువ్వు, పొలాల్లో గోధుమ, ఈ రెండూ కలిపితే ఆరోగ్యం తిరిగి తెచ్చే మందు, పైగా ఆరోగ్యం హద్దునే కాసేపు పెంచేది కూడా. అన్నిటికన్నా నాకిష్టమైనది మాత్రం డెత్‌బెల్, రివర్ బెట్టీ జోడీ. డెత్‌బెల్ మోర్థల్ చుట్టుపక్కల బురద నేలల్లో ఊదారంగులో తలవంచుకుని ఉంటుంది. రివర్ బెట్టీ ఏటిలో దొరికే చేప. రెండూ నూరితే ఆరోగ్యం దెబ్బతీస్తూ నడకని సగానికి తగ్గించే విషం వస్తుంది. విలుకాడికి కావల్సిందేంటి? ఎదుటివాడు దగ్గరికి రాకపోవడమే కదా. ఎలుగుబంటి నా మీదకి పరిగెత్తుకొస్తూ సగం వేగానికి పడిపోయినప్పుడు, ఇంకో రెండు బాణాలకి టైం దొరికినప్పుడు, ఆ మూడు స్కిల్స్ ఒక్కటై పని చేయడం కళ్ల ముందు కనబడుతుంది. ఒక పూతతో ఒక్క దెబ్బే. ఆల్కెమీ 60కి చేరాక కాన్సంట్రేటెడ్ పాయిజన్ తీసుకుంటే అదే పూత రెండు దెబ్బలకి వస్తుంది. అయితే డ్రాగర్లకి విషం ఎక్కదు, చచ్చినవాళ్లు కదా. వాళ్లకి గోడల అరల్లో పడుకుని ఉండగానే దూరం నుంచి బాణం.

రివర్‌వుడ్ దగ్గరున్న మూడు రాళ్ల గురించి కూడా ఒక మాట. దొంగ రాయి ముట్టుకుంటే స్నీక్, ఆల్కెమీ 20 శాతం త్వరగా పెరుగుతాయి. ఆర్చరీ మాత్రం యోధుడి రాయి కిందకొస్తుంది. విల్లు అనగానే దొంగల పని అనుకుని చాలామంది ఇక్కడ పొరబడతారు. రాయి ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి ఏది వెనకబడితే దానికి మారుస్తుంటాను.

తాళాలకి పెర్కులు వద్దు. చెయ్యి నిదానంగా తిప్పితే మాస్టర్ తాళం కూడా ఉత్త పుల్లతోనే వస్తుంది. స్పీచ్‌కీ అంతే, డబ్బు ఈ ఆటలో ఎలాగూ మిగిలిపోతుంది. కమ్మరం వేరే సంగతి. దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే కమ్మరం పెంచేవాళ్లు చేసినవన్నీ అమ్ముకోకుండా, మోసే ఆయుధాన్నీ తొడుక్కునే కవచాన్నీ సానపెట్టుకోవాలి. లేకపోతే లెవెల్ పెరుగుతుంది, దెబ్బ పెరగదు.

మావాడి ఆట దగ్గరికొస్తే, మళ్లీ మొదట్నుంచి ఆడతానన్నాడు. వద్దన్నాను. పెట్టేసిన పెర్కులు వెనక్కి తెచ్చుకునే దారులున్నాయి, కానీ అవి దూరం. స్కిల్‌ని 100కి తీసుకెళ్లి లెజెండరీ చేస్తే ఆ చెట్టు పెర్కులన్నీ తిరిగొస్తాయి, స్కిల్ మళ్లీ 15కి పడిపోతుంది. డ్రాగన్‌బార్న్ అదనపు కథ ముగిస్తే ఒక నల్ల పుస్తకం దగ్గర డ్రాగన్ ఆత్మ ఒకటిచ్చి ఒక చెట్టు ఖాళీ చేసుకోవచ్చు. వాడున్న చోట ఈ రెండూ ఇప్పట్లో కుదరవు.

అందుకని అంకెలు ఒక్కొక్కటీ చూశాం. ఆర్చరీ 45లో ఉంది, అందులో పెర్క్ ఒక్కటీ లేదు! "అదేం లేదు మావయ్యా, ఆళ్లు దగ్గరికొచ్చేలోపు నాలుగు బాణాలేసి అప్పుడు కత్తి తీస్తానంతే" అన్నాడు. వాడు పెర్కులన్నీ వేరేచోట పెడుతూ ఇన్నాళ్లూ ఆడింది విలుకాడి ఆటే. చేతిలో ఉన్న ఒక పాయింట్ ఓవర్‌డ్రాలో పెట్టించాను, 20 శాతం దెబ్బ పెరుగుతుంది. 45తో దాని మూడు మెట్లు ఎక్కొచ్చు, అంటే 60 శాతం. వచ్చే రెండు పాయింట్లూ అక్కడికే. ఆ తర్వాత గురిపెట్టినదాన్ని దగ్గరగా చూపించే ఈగల్ ఐ, దాని పైన అలా దగ్గరగా చూస్తున్నప్పుడు కాలాన్ని నెమ్మదింపజేసే స్టెడీ హ్యాండ్. స్నీక్ 33లో ఉంది, 40 వరకూ దాని జోలికి పోవద్దన్నాను.

ఇంకోటి కూడా నేర్పాను. లెవెల్ పెరిగిందని తెర మీద పడినా వెంటనే మెనూలోకి వెళ్లకుండా ఆగొచ్చు. పెరిగే 10 పాయింట్లని హెల్త్, మ్యాజికా (మంత్రాల శక్తి), స్టామినాల్లో దేనికి వేసుకోవాలో చెప్పగానే మూడూ నిండిపోతాయి. గట్టి పోట్లాటలో చావు దగ్గరపడ్డప్పుడు తెరిస్తే మందు సీసా లేకుండానే లేచి నిలబడొచ్చు.

"మరి ఆ 10 దేనికెయ్యాల? స్టామినాకా?" అనడిగాడు. ఈగల్ ఐతో గురి చూస్తే స్టామినా ఖర్చవుతుంది, స్టామినాకి వేసిన ప్రతిసారీ మోసే బరువు కూడా 5 పెరుగుతుంది. అందుకని అడగడంలో తప్పులేదు. కానీ రెండు దెబ్బలకి పడిపోతున్నవాడు ఇంకో మూడు నాలుగు లెవెల్స్ దాకా హెల్త్‌కే వేసుకోవాలి. బరువు సంగతికి వైట్‌రన్ ఇంట్లో పెట్టె ఉందిగా, దాంట్లో పడేసి రమ్మన్నాను.