డెక్ కట్టే ముందు నిచ్చెన ఎక్కి చూశాను

న్యూజెర్సీలో మా ఇంటి పెరడు వెనక్కి పోయేకొద్దీ పల్లంగా ఉంటుంది. వంటింటి వెనుక తలుపు తెరిస్తే నేల నాలుగు అడుగుల కిందన కనిపిస్తుంది. పిల్లలు పడిపోతారన్న భయంతో ఆ తలుపుకు మేము ఎప్పుడూ తాళం వేసే ఉంచేవాళ్ళం. గడప ఎత్తుకు సమానంగా ఒక చెక్క డెక్, అంటే ఇంటికి ఆనుకొని ఆరుబయట ఉండే చెక్క వేదిక, వేయించాలని చాలాకాలం అనుకొని, చివరకు కిందటి వసంతంలో ఆ పనికి పూనుకున్నాము.

ప్లాను గీయించక ముందు, డెక్ రాబోయే చోట నిచ్చెన వేసి, నాలుగడుగుల ఎత్తున్న మెట్టు మీద నిలబడి చుట్టూ చూశాను. నేల మీద నుంచి ఆరడుగుల కంచె తప్ప మరేమీ కనిపించని ఆ వైపున, పక్కింటి వృద్ధ దంపతుల వంటగది కిటికీ, దాని అంచున బోర్లించిన కప్పులు, బల్ల దగ్గర కూర్చొని వారానికి సరిపడా మందుబిళ్ళలను డబ్బాలో సర్దుకుంటున్న ఆవిడ చేతులు స్పష్టంగా కనిపించాయి. నేను వెంటనే దిగిపోయాను. నాలుగడుగుల డెక్ మీద నిలబడిన మనిషి కంటిచూపు నేలకు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున ఉంటుంది కాబట్టి, ఆరడుగుల కంచె ఇక ఉన్నా లేనట్టే.

మా నాన్నగారు విజయవాడలో మేడ వేసినప్పుడు పక్కింటి పెరడు వైపున్న పిట్టగోడను మాత్రం మనిషెత్తు లేపించారు. వాళ్ళ ఆడవాళ్ళు అక్కడ తలారబెట్టుకుంటారనీ, మనవాళ్ళు మేడెక్కినప్పుడల్లా వాళ్ళు లోపలికి పోవలసి రాకూడదనీ ఆయన చెప్పిన మాట నిచ్చెన దిగుతుంటే గుర్తుకు వచ్చింది.

ఇక్కడి భవన నిర్మాణ నియమావళి భద్రత విషయంలో చాలా కచ్చితంగా ఉంటుంది. నేలకు 30 అంగుళాలకు మించిన ఎత్తున్న డెక్‌కు కనీసం 36 అంగుళాల రెయిలింగ్ ఉండాలి. దాని ఊచల మధ్య నాలుగు అంగుళాల బంతి కూడా దూరకూడదు. సరిహద్దు నుంచి ఎంత దూరం వదలాలో ఊరి జోనింగ్ నిబంధనలు చెబుతాయి. అయితే మాకు వర్తించిన నిబంధనలలో పొరుగువారి కిటికీ గురించి ఒక్క మాట కూడా లేదు. ఇంగ్లండులో పద్ధతి కొంత వేరు. అక్కడ 30 సెంటీమీటర్లకు మించిన ఎత్తుకు ప్లానింగ్ అనుమతి కావాలి, పక్కవారి ఏకాంతానికి భంగం కలుగుతుందా అన్నది కూడా ఆ పరిశీలనలో భాగమే. ఆ పరిశీలన లేని చోట దానిని మనమే చేసుకోవాలని నా దృఢమైన అభిప్రాయం.

అందువల్ల డెక్‌ను రెండు అంతస్తులుగా మార్చాము. తలుపు దగ్గర ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పున్న చప్టా మాత్రమే గడప ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి ఒక్కొక్కటి ఏడున్నర అంగుళాల ఎత్తుతో నాలుగు మెట్లు దిగితే, నేలకు 18 అంగుళాల ఎత్తున అసలు డెక్ వస్తుంది. దాని మీద కుర్చీలో కూర్చున్నవారి చూపు ఐదున్నర అడుగుల దగ్గరే ఆగుతుంది కాబట్టి, కంచె మళ్ళీ కంచెలా పనిచేస్తుంది. పై చప్టాకు పక్కింటి వైపున చెక్క జాలీ పెట్టించాము. దీపాలు కూడా మెట్లలోనే, వెలుగు కిందికి పడేలా బిగించాము.

ఆ ప్లాను పట్టుకొని, దరఖాస్తు చేయక ముందే పక్కింటికి వెళ్ళాను. పెద్దాయన చాలాసేపు చూసి, మెట్లు తమ పడకగది వైపు కాకుండా అవతలి వైపుకు తిప్పగలమా అని అడిగారు. ఆ కిటికీ సంగతి నాకు తట్టనే లేదు. మెట్లు తిప్పించాము.

మొదట వచ్చిన మేస్త్రీ పర్మిట్ లేకుండానే చేసేద్దాం, ఎవరూ చూడరన్నాడు. అతనిని వద్దనుకొని మరొకరిని పెట్టుకున్నాము. ఊరి పర్మిట్, ఇళ్ళ యజమానుల సంఘం అనుమతి వేర్వేరు. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది అక్కర్లేదని కాదు. తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే, భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో రంగులతో గుర్తు పెట్టి వెళ్ళారు. చలికాలంలో నేల గడ్డకట్టి ఉబ్బినప్పుడు స్తంభాలు పైకి లేవకుండా ఉండాలంటే, మా ప్రాంతంలో పునాది గుంటలు 36 అంగుళాల లోతు ఉండాలి. కాంక్రీటు పోయక ముందు వచ్చిన ఇన్‌స్పెక్టరు టేపు దించి కొలిస్తే, ఒక మూల గుంట 33 అంగుళాలే వచ్చింది. మిగతా మూడు అంగుళాలూ మేస్త్రీ ఆయన ఎదుటే తవ్వాడు. ఇంటి గోడకు ఆనించే ప్రధాన దూలాన్ని కూడా మేకులతో కాకుండా బోల్టులతో బిగించి, వాన నీరు వెనక్కి దిగకుండా రేకు కప్పారు.

పని పూర్తయ్యాక పక్కింటి దంపతులను టీకి పిలిచాము. ఆవిడ కింది డెక్ మీద కుర్చీలో కూర్చొని తమ ఇంటి వైపు తిరిగి చూశారు. కంచె పైన వాళ్ళ ఇంటి కప్పు మాత్రమే కనిపిస్తున్నది.