చా చాన్ తెంగ్‌లో తినాలంటే

హాంగ్‌కాంగ్‌లో ఉద్యోగానికి దిగిన మనవాళ్లకు ఆఫీసు పక్క సందులోనే చా చాన్ తెంగ్ ఒకటి కనబడుతుంది. పేరుకు టీ హోటలే గానీ, మన టిఫిన్ సెంటరూ మెస్సూ కలిస్తే ఎలా ఉంటుందో అదీ. చాలాచోట్ల గల్లాపెట్టె నుంచి పొయ్యి దాకా ఒకే కుటుంబం.

పన్నెండున్నర, ఒకటిన్నర మధ్య వెళ్తే ఎవరో తింటున్న బల్ల దగ్గరే ఖాళీ కుర్చీ చూపిస్తారు. దీన్ని తాప్ తోయ్ అంటారు. ఎదుటివాళ్లను పలకరించక్కర్లేదు. కూర్చోగానే గ్లాసుతో పల్చటి వేడి టీ పెడతారు. కొందరు దాంతో చాప్‌స్టిక్‌లు కడుక్కుంటారు కూడా. ఆర్డరు వెంటనే చెప్పేయాలి, లేకపోతే సర్వరు కసురుకుంటాడు. ఆ కసురు కోపం కాదు, రద్దీ. మధ్యాహ్నం రెండు దాటాక అదే మనిషి నింపాదిగా ఉంటాడు, పైగా అప్పుడిచ్చే టీ సెట్, అంటే టీతో కలిపి ఇచ్చే తిండి, చవక.

అసలు చిక్కంతా శాకాహారులకే. అక్కడి కాంటనీస్ భాషలో 'యుక్' అంటే మాంసమే అయినా, వాడుకలో ఎక్కువగా పంది మాంసమనే అర్థం. యుక్ వద్దంటే ఎండు రొయ్యలో చేప ముక్కలో వచ్చి పడతాయి. వాళ్ల లెక్కలో అది మాట తప్పడం కాదు. 'సిక్ జాయ్' అనాలి. అంటే బౌద్ధుల శాకాహారం, వంటవాడికి ఇట్టే అర్థమవుతుంది. ఉచ్చారణ కుదరకపోతే చైనీస్ అక్షరాల్లో ఫోన్‌లో చూపించడం మేలు.

ఉడికించిన ఆకుకూర, యౌ చోయ్, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ పైన ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసేది) పోస్తారు. 'జౌ హో యౌ' అంటే అది వేయరు. మాకరోనీ సూపులో హామ్ (పంది మాంసం) తీసేయించినా ఆ రసం మాంసానిదే. బియ్యపు జావను తరచూ పంది ఎముకలతోనో ఎండు స్కాలప్‌లతోనో (ఒక రకం ఆల్చిప్పలు) కాస్తారు. బల్ల మీది కారం నూనెలో ఎండు రొయ్యలు ఉండొచ్చు. గుడ్డు తినేవాళ్లకు టమాటా గుడ్డు అన్నం నయం, అయితే నూనె, మూకుడు సంగతి అడిగి చూసుకోవాలి. బీఫ్ తిననివాళ్లు 'మ్ యియు ఙౌ యుక్' అనాలి. బళ్లో 'ఙ' దిద్దించింది ఇందుకే కాబోలు. తెల్లన్నం కావాలంటే సర్వరు వంటింట్లోకి 'లెంగ్ జాయ్' అని కేకేస్తాడు. అందగాడని అర్థం, మీ గురించి కాదు.

పాల టీ మాత్రం తాగి తీరాలి. శ్రీలంక టీ పొళ్లు రెండు మూడు రకాలు కలిపి, డికాక్షన్ మరిగించి, గుడ్డ సంచిలోంచి పైనుంచి పదేపదే పోస్తారు. సంచి రంగు పట్టి మేజోడులా కనబడుతుంది. తర్వాత ఇవాపరేటెడ్ మిల్క్, అంటే తీపి లేని చిక్కటి డబ్బా పాలు, కలుపుతారు. డికాక్షన్, పాలు విడివిడిగా ఉండటం మన ఇరానీ చాయ్‌ని గుర్తు చేస్తుంది, వగరు మాత్రం ఎక్కువ. వేడి టీలో చక్కెర మనమే వేసుకోవాలి. 'చా జౌ' అంటే తీపి కండెన్స్‌డ్ మిల్క్‌తో ఇస్తారు. చల్లటిది అడిగితే మామూలుగా రెండు మూడు హాంగ్‌కాంగ్ డాలర్లు ఎక్కువ. ఈ టీ తయారీ విద్యను 2017లో హాంగ్‌కాంగ్ తన సాంస్కృతిక వారసత్వ ప్రాతినిధ్య జాబితాలోకి చేర్చింది.

బిల్లు చీటీ బల్ల మీదే పెడతారు. తీసుకెళ్లి గల్లా దగ్గర కట్టాలి. సర్వీస్ చార్జీ సాధారణంగా ఉండదు. ఆక్టోపస్ కార్డు (బస్సుల్లో, మెట్రోలో వాడే ప్రీపెయిడ్ కార్డు) చాలాచోట్ల నడుస్తుంది, కొన్నిచోట్ల నగదే. వెయ్యి డాలర్ల నోటు మాత్రం తీయకండి, చిన్న హోటళ్లు చాలావరకు తీసుకోవు.