కుర్తా కింద తుపాకీ: నాకు ఏది కుదిరింది, ఏది కుదరలేదు

మా షాపు రాత్రి 11 గంటలకు మూస్తాం. టెక్సాస్‌లో డెంటన్ దాటాక హైవే పక్కన చిన్న గ్యాస్ స్టేషన్, దాంట్లోనే కిరాణా సరుకులు. వారంలో మూడు రాత్రులు మూసే పని నాది. 2022 నవంబర్‌లో ఒక రాత్రి క్యాష్ బ్యాగ్ పట్టుకుని కారు దగ్గరికి నడుస్తుంటే చెత్తడబ్బా వెనకనుంచి ఒకతను వచ్చి నాకూ కారుకూ మధ్య నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే పెట్రోలు కోసం ఒక ట్రక్కు లోపలికి తిరిగింది. ఆ లైట్లు మీద పడగానే అతను వెళ్లిపోయాడు. కారులో కూర్చున్నాక కూడా చాలాసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

నేను పుట్టి పెరిగింది తెనాలిలో. పెళ్లయ్యేదాకా నేను చూసిన తుపాకీ ఒక్కటే, బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు భుజాన వేలాడే డబుల్ బ్యారెల్. అందుకే ఆ రాత్రి సంగతి చెప్పి, తుపాకీ కొంటాను అనగానే అమ్మ ఫోన్లో గట్టిగా అరిచినంత పని చేసింది. "ఏమే, పిల్లలున్న ఇంట్లో అదేం పనే? ఆ షాపు అమ్మేయండి" అంది. అమ్మ అడిగిన 'పిల్లలున్న ఇల్లు' అనే మాట నన్ను వదల్లేదు. తర్వాత నేను కొన్న ప్రతి వస్తువూ ఆ మాటని దగ్గర పెట్టుకునే కొన్నాను.

ముందుగా ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది నన్ను ఇదే అడుగుతారు. మాకు గ్రీన్ కార్డ్ ఉంది, కాబట్టి కొనొచ్చు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లకు మాత్రం తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితులతో సరదాగా రేంజ్‌కి, అంటే తుపాకీ కాల్చడం ప్రాక్టీస్ చేసే చోటికి, వెళ్లి ఒకసారి పేల్చి చూద్దాం అనుకునేవాళ్లు దయచేసి ముందు లాయర్‌ని అడగండి. ఇమ్మిగ్రేషన్ కేసు మీదకు వస్తే ఆ సరదా చాలా ఖరీదు.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డంకులు లేనివాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను లైసెన్సు తీసుకున్నాను. బడికి వెయ్యి అడుగుల లోపల తుపాకీతో ఉండకూడదని ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉంటే ఆ రాష్ట్రంలో దాన్నుంచి మినహాయింపు. రోజూ మధ్యాహ్నం పిల్లల్ని తీసుకురావడానికి బడి ముందు వీధిలోకి వెళ్లే నాకు అది లేకుండా కుదరదు. బడి లోపలికి మాత్రం లైసెన్సు ఉన్నా పట్టుకెళ్లకూడదు. లైసెన్సు పరీక్షలో 3, 7, 15 గజాల దూరం నుంచి మొత్తం 50 రౌండ్లు, అంటే 50 తూటాలు, కాల్చాలి. 250 మార్కులకు 175 వస్తే పాస్.

ఇక తుపాకీ సంగతి. మా ఆయన దగ్గర గ్లాక్ 19 ఉంది. "కొత్తది ఎందుకు, ఇదే వాడు" అన్నారు. మంచి తుపాకీయే, 15 రౌండ్లు పడతాయి, రేంజ్‌లో ఎంత కాల్చినా మొరాయించదు. కానీ దాని పిడి నా చేతికి లావు. సరిగ్గా పట్టుకుంటే చూపుడువేలి కొస మాత్రమే ట్రిగ్గర్ అంచుని తాకేది. వేలు చాలక చేతిని పక్కకు తిప్పి పట్టుకునేదాన్ని. దాంతో తూటాలన్నీ కాగితం మీద ఎడమ పక్కకే పోయేవి. నెల రోజులు నాకు గురి రాదనే అనుకున్నాను.

రేంజ్‌లో నాకు నేర్పిన ఆవిడకు అరవై ఏళ్లుంటాయి. నా వేలు చూసి తుపాకీ చేతిలోంచి తీసేసుకున్నారు. "నీ గురిలో లోపం లేదు, నీది కాని చెప్పు వేసుకుని నడుస్తున్నావు, అంతే" అన్నారు. తర్వాత నాలుగు వారాలు రేంజ్‌లో అద్దెకు ఇచ్చేవి ఒక్కొక్కటీ కాల్చి చూశాను.

ఆడవాళ్లకు షాపువాళ్లు ముందు చూపించేది చిన్న రివాల్వర్. నాకూ అదే చూపించారు. ఐదు తూటాలు పట్టేది, .38 సైజుది, అర కేజీ కూడా ఉండదు. చేతిలో ముద్దుగా ఉంది. కాల్చాక తెలిసింది, తుపాకీ ఎంత తేలికైతే చేతిని అంత గట్టిగా తంతుంది. దాని ట్రిగ్గర్ కూడా గట్టిది, లాగేలోపు గురి కదిలిపోయేది. పది రౌండ్లకే బొటనవేలి మొదట్లో చర్మం కందిపోయింది. బాగా అలవాటైనవాళ్ల చేతిలో అది గొప్ప ఆయుధం. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో పెట్టాల్సింది కాదని నా గట్టి నమ్మకం.

సిగ్ పీ365 బాగా నచ్చింది. అంత చిన్నదాంట్లో 10 రౌండ్లు పట్టించిన తుపాకీ అది. కానీ నా చిటికెనవేలికి పిడి మీద చోటు చాల్లేదు. స్మిత్ అండ్ వెస్సన్ 'షీల్డ్ ఈజీ' అనేదాని స్లయిడ్, అంటే తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పై భాగం, చాలా సులువుగా వస్తుంది. కీళ్ల నొప్పులున్నవాళ్లకు దానికంటే మంచిది నేను చూడలేదు. నా బలం చాలదేమోనని దాన్నే కొనబోయాను. నేర్పే ఆవిడ ఆపి, మిగతా తుపాకుల స్లయిడ్‌ని వేళ్ల కొసలతో గిల్లి లాగడం మాన్పించారు. ఎడమ అరచేతితో పైనుంచి గట్టిగా పట్టుకుని అక్కడే ఆపి, కుడిచేత్తో తుపాకీని ముందుకు తొయ్యమన్నారు. కవ్వం తాడు ఆడించినట్టు ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు. అంతవరకూ కదలని స్లయిడ్ చటుక్కున వెనక్కి వచ్చింది. చివరికి తీసుకున్నది గ్లాక్ 43ఎక్స్. సన్నగా ఉంటుంది, పిడి మూడు వేళ్లకూ నిండుగా సరిపోతుంది, 9 ఎంఎం తూటాలు, 10 రౌండ్లు. వేలి మొదటి కణుపు మెత్తని భాగం సరిగ్గా ట్రిగ్గర్ మీద కూర్చుంది. ఆ రోజు తూటాలు ఎడమకు పోలేదు.

తుపాకీ ఒక్కసారే కొన్నాను. దాన్ని పెట్టుకుని తిరిగే తొడుగులు, అంటే హోల్‌స్టర్లు, మాత్రం నాలుగు మార్చాను.

మొదట హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకున్నాను. దానికోసమే జిప్ అర ఉన్న బ్యాగ్. ఒక రోజు సరుకుల బండిలో చిన్నవాడిని కూర్చోబెట్టి, బ్యాగ్ వాడి పక్కన పెట్టి, బెండకాయలు ఏరుతున్నాను. తిరిగి చూస్తే వాడు ఆ జిప్‌తో ఆడుకుంటున్నాడు. 2014 డిసెంబర్‌లో ఐడహో రాష్ట్రంలో హేడెన్ అనే ఊళ్లో అచ్చం ఇలాగే జరిగింది. సరుకులు కొంటున్న తల్లి బ్యాగ్‌లోంచి రెండేళ్ల కొడుకు పిస్టల్ తీశాడు, అది పేలి ఆ తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆ బ్యాగ్ కూడా తుపాకీ పెట్టుకోవడానికని చేసిందే. బెండకాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను. ఆ రోజు నుంచి తుపాకీ నా ఒంటి మీదైనా ఉంటుంది, తాళం వేసిన పెట్టెలోనైనా ఉంటుంది. మూడో చోటు లేదు.

రెండోది ఆన్‌లైన్‌లో 20 డాలర్లకు కొన్న గుడ్డ హోల్‌స్టర్. మెత్తగా, హాయిగా ఉండేది. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక తూటాలు నింపే మ్యాగజైన్ తీసి, పేలే ముందు తూటా కూర్చునే చాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసి, తూటాలు వేరే గదిలో పెట్టి, తియ్యడం, లోపల పెట్టడం ప్రాక్టీస్ చేస్తున్నాను. ఒకసారి లోపలికి నొక్కుతుంటే "టక్" అని వినిపించింది. వేలు ట్రిగ్గర్ దగ్గర లేదు. కదలకుండా అలాగే పట్టుకుని వంగి చూశాను. హోల్‌స్టర్ మూతి మెత్తబడి లోపలికి మడత పడింది. ఆ మడత ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డులోకి దూరి నేను నొక్కిన కొద్దీ ట్రిగ్గర్‌ని నొక్కేసింది. గ్లాక్‌కి బొటనవేలితో వేసుకునే సేఫ్టీ ఉండదు. కింద పడితే పేలకుండా లోపల ఏర్పాట్లున్నాయి గానీ, ట్రిగ్గర్ లాగితే పేలుతుంది. లాగింది వేలా గుడ్డా అని దానికి తెలియదు. లోపల తూటా ఉండి ఉంటే నా తొడలో దిగేది.

మర్నాడే కైడెక్స్‌ది ఆర్డర్ పెట్టాను. ఇది వేడి చేసి తుపాకీ ఆకారంలో ఒత్తిన గట్టి ప్లాస్టిక్. ట్రిగ్గర్ మొత్తం మూసుకుపోతుంది, బయటనుంచి నొక్కినా వంగదు, తుపాకీ తీసినా మూతి తెరిచే ఉంటుంది. ఖాళీ తుపాకీ పెట్టి తలకిందులు చేసి ఊపితే జారకూడదు. ఇన్ని లక్షణాలున్నా నాకు ఒక చిక్కు వచ్చింది. దాన్ని తగిలించడానికి గట్టి బెల్ట్ కావాలి. నేను షాపులో వేసుకునేది లెగ్గింగ్సూ కుర్తీ. ఎలాస్టిక్‌కి తగిలిస్తే బరువుకి వంగి పక్కకు వాలిపోయేది.

ఇప్పుడు వాడుతున్నది ఫ్లస్టర్ ఎనిగ్మా. దానికి బట్టలతో సంబంధం లేదు. కైడెక్స్ హోల్‌స్టర్‌ని ఒక పలకకు బిగించి, ఆ పలకను దాని సొంత పట్టీతో నడుముకు కట్టుకుంటాం. తొడ చుట్టూ ఒక సన్నని పట్టీ వస్తుంది, తుపాకీ లాగినప్పుడు హోల్‌స్టర్ కూడా పైకి రాకుండా. పక్కనున్న చిన్న రెక్క లాంటి ముక్క పిడిని పొట్ట వైపు తిప్పి ఉంచుతుంది. సరిచేసుకోవడానికి రెండు వారాలు పట్టింది. మొదట్లో కూర్చుంటే పొత్తికడుపులో గుచ్చుకునేది. వేలెడంత పైకి జరిపాక సర్దుకుంది.

బట్టల గురించి ఎవరూ నాకు చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. సాదా రంగు కంటే కలంకారీ లాంటి అచ్చు ఉన్న గుడ్డలో ఆకారం కనిపించదు. మెత్తని రేయాన్ ఒంటికి అంటుకుపోతుంది, గంజి పెట్టిన కాటన్ ఎడంగా నిలబడుతుంది. మోకాళ్ల దాకా ఉండే కుర్తా అయితే పైకి లాగడానికి గుప్పెళ్లకొద్దీ గుడ్డ పట్టుకోవాలి, అవసరానికి ఆ టైమ్ ఉండదు. అందుకే షాపుకి తుంటి దాకా వచ్చే కుర్తీలే.

చాంబర్‌లో తూటాతో తిరగడం మొదలుపెట్టింది ఆరు నెలల తర్వాత, నేర్పిన ఆవిడ సరే అన్నాకే. లోపల పెట్టేటప్పుడు ఎప్పుడూ తొందరపడను. కుర్తీ అంచు ఎడమచేత్తో పూర్తిగా పైకెత్తి, హోల్‌స్టర్ మూతి కళ్లతో చూసి, అప్పుడే నెమ్మదిగా దింపుతాను. ఇంటికి రాగానే హోల్‌స్టర్‌తో సహా విప్పి, బటన్లు నొక్కితే తెరుచుకునే పెట్టెలో పెడతాను. పిల్లలకు అందేలా తుపాకీ వదిలేస్తే టెక్సాస్‌లో నేరం. చట్టం అడగకపోయినా అమ్మ అడుగుతుంది. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో "పెట్టెకి తాళం వేశావా" అని అడిగాకే మిగతా మాటలు.

చీరకి మాత్రం దారి దొరకలేదు. కుచ్చిళ్ల కింద పెడితే తియ్యలేను, పమిట చాటున పెడితే కదిలినప్పుడల్లా బయటపడుతుంది. చీర కట్టిన రోజు దాన్ని పెట్టెలోనే వదిలేసి వెళ్తాను. ఆ రాత్రులు షాపు మూసేది మా ఆయనే.