బంతీ ఆయనదే, బ్యాటూ ఆయనదే

2025 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, మిల్వాకీ బ్రూవర్స్ మధ్య టైటిల్ వేటలో జరిగిన బేస్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్ చూసినప్పటి నుంచి నా మనసు డాడ్జర్స్ ఆటగాడు షోహెయ్ ఒహ్తానీ చుట్టూనే తిరుగుతోంది. తొలి ఇన్నింగ్స్‌లో బంతి విసురుతూ వరుసగా ముగ్గురు బ్యాటర్లను స్ట్రైకౌట్ చేసి (మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేసి), వెంటనే బ్యాటు అందుకొని క్రికెట్ సిక్సర్ లాంటి హోమ్‌రన్ బాదిన ఆయన, ఆట ముగిసేసరికి 10 స్ట్రైకౌట్లు, 3 హోమ్‌రన్లు తన ఖాతాలో వేసుకున్నారు. క్రికెట్ ఆల్‌రౌండర్లకు అలవాటుపడిన మనకు ఇది మామూలుగా తోచవచ్చు కానీ, బేస్‌బాల్‌లో ఒకే ఆటగాడు రెండు పనులూ చేయడం అరుదు; పిచ్చర్‌కు (బంతి విసిరే ఆటగాడికి) బదులు వేరొకరు బ్యాటింగ్ చేసే పద్ధతిని అక్కడి రెండు ప్రధాన లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ 1973లోనే తెచ్చింది. అంతకు చాలా ముందే, 1918లో బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ పిచ్చర్‌గా 13 విజయాలు, బ్యాటర్‌గా 11 హోమ్‌రన్లు సాధించారు. వర్ణవివక్ష కాలంలో నల్లజాతి ఆటగాళ్లు ఆడిన నీగ్రో లీగ్స్‌లో కాన్సాస్ సిటీ మోనార్క్స్ జట్టు తరఫున ఆడిన బుల్లెట్ రోగన్ కూడా రెండు విద్యల్లోనూ దిట్టే అయినా, ఆయన పేరు రూత్ పేరంతగా వినిపించకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.