పొట్టిది కాదండీ, ఎదగనివ్వలేదంతే

ఫ్యాన్ పామ్, అంటే విసనకర్ర లాంటి ఆకులుండే తాటి కుటుంబపు మొక్క, కావాలని మా పర్లాకిమిడి నర్సరీల్లో అడిగితే చాలాసార్లు చేతిలో పెట్టేది లివిస్టోనా, అది చైనా జపాన్ వైపుది, నేను చెప్పబోయేది అది కాదు. ఇది మెడిటరేనియన్ ఫ్యాన్ పామ్, బోటనీలో చామేరాప్స్ హ్యూమిలిస్, ఆ ప్రజాతిలో ఇదొక్కటే, తోబుట్టువులు లేరు. దక్షిణ స్పెయిన్, పోర్చుగల్, సిసిలీ, సార్డీనియా, సముద్రం దాటితే మొరాకో, అల్జీరియా, ట్యునీషియా... ఇదీ దాని సొంత ఇలాకా. యూరప్‌లో వాటంతట అవే పుట్టిన పామ్‌లు రెండే, రెండోది క్రీట్ దీవిలో ఉండే ఒక రకం ఈత.

ఫోన్‌లో సిసిలీ ఫొటోలు చూపిస్తే మా పెదనాన్న "ఏట్రా ఇది, తాటాకులెట్టుకుని ఈతపొద నాగ కూకుండిపోనాది" అన్నారు. అడవిలో నిజంగానే అలాగే ఉంటాది, సముద్రం పక్క రాతి కొండల మీద చాలాచోట్ల నడుమెత్తు కూడా రాదు, ఒకే మొదలు నుంచి చాలా కాండాలు లేచి గుబురుగా పాకుతాది. దాని జాతే పొట్టిది అనుకుంటారు అందరూ. కానీ ఇటలీలో పాడువా బొటానికల్ గార్డెన్‌లో 1585లో నాటిన చెట్టు ఇంకా బతికే ఉంది, 1786లో జర్మన్ కవి గ్యోతే వచ్చి చూశాడని ఆయన పేరే పెట్టేశారు, గాజు ఇంట్లో ఉంచి కాపాడుతున్నారు, అది దాదాపు 10 మీటర్లు! మేకలు కొరక్కుండా, మంట తగలకుండా, ఎవరూ నరక్కుండా ఉంటే అంత ఎదుగుతాది మరి, కొండ మీదున్నదానికి ఆ మూడూ తప్పవు కదా.

మేకల కోసం దాని దగ్గర ఏర్పాటుంది. ఆకు కాడకి రెండు వైపులా సూదుల్లాంటి ముళ్ళు, కొసలు ఆకు వైపుకి తిరిగి ఉంటాయి, అంటే బయట్నుంచి మూతి పెట్టినదానికి ముందు అవే తగులుతాయి. మంటకైతే వేరే ఉపాయం, పైన ఆకులన్నీ మాడిపోయినా లోపల మొవ్వు, నేల కింద దుంపభాగం బతికుంటాయి, కొన్ని వారాల్లోనే మసిలోంచి పచ్చటి ఆకులు వచ్చేస్తాయి. మహేంద్రగిరి వైపు పోడు కాల్చిన చోట చిట్టీత లేవడం చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, దానికీ ఇదే కథ, ఎత్తుకి పోకుండా కిందే ప్రాణం దాచుకోవడం. మెడిటరేనియన్ వైపు కూడా ఈ ఫ్యాన్ పామ్ ఆకుతో చీపుళ్ళు, బుట్టలు చేస్తారు, స్పెయిన్‌లో మొవ్వు తీసి తింటారు, తీస్తే ఆ కాండం పోయినట్టే. అల్జీరియాలో ఆకు చీల్చి పీచు తీసి పరుపుల్లో కూరేవారు.

నాకు బాగా నచ్చింది మాత్రం దీని పెళ్ళి వ్యవహారం. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు, మధ్యలో తిరిగేది ఒక చిన్న ముక్కుపురుగు, దాని పేరు డెరెలోమస్ కామెరాప్సిస్. విచిత్రం ఏంటంటే పురుగుని పిలిచే వాసన పువ్వులది కాదు, పూసే రోజుల్లో ఆకులు వదుల్తాయి! పురుగు పిల్లలు పెరిగేది మగచెట్టు పూగుత్తుల్లోనే, ఆడచెట్టు దగ్గర దానికి పెద్దగా లాభమేం లేదు, అయినా వాసనకి మోసపోయి వెళ్తాది, పుప్పొడి ఇచ్చేసి వస్తాది. తర్వాత కాయలు పండితే పాడైన వెన్న వాసన, అది నక్కలకి ఇష్టం, తిని గింజలు ఎక్కడెక్కడో వదుల్తాయి.

ఇన్నిటికి తట్టుకున్న చెట్టుకి ఇప్పుడు ఒక సీతాకోక లాంటి పెద్ద చిమ్మట తగులుకుంది, పేసాండీసియా ఆర్కన్, దక్షిణ అమెరికాది. దాని పురుగు కాండంలోకి తొలుచుకుపోయి తిన్నగా మొవ్వునే తినేస్తాది, ముళ్ళూ పనికిరావు, నేల కింద దాచుకున్నదీ సరిపోదు ఒక్కోసారి. అది యూరప్‌కి 1990ల్లో చేరింది, అర్జెంటీనా నుంచి తెప్పించిన షో పామ్ మొక్కల్లో కూర్చుని.